ఐదవ మనవి దగ్గర ఆగిన గొంతు



బొల్లాపల్లి మండలంలోని మెట్ట ఊళ్ళలో ఆదివారం పూజకు వచ్చేవారు పరలోక జపాన్ని గొంతెత్తి చెబుతారు. గుడి చిన్నది, పైన రేకుల కప్పు. నలభై మంది చెప్పినా నాలుగు వందల మంది చెప్పినట్లు మోగుతుంది. పీఠం దగ్గర చేతులు చాపి నిలబడిన గురువుకు ఏ గొంతు ఎక్కడ నుంచి వస్తున్నదో కొన్నాళ్ళకు తెలిసిపోతుంది. ఆడవారి వైపు ముందు వరుసలో కూర్చునే ఒక పెద్దామె గొంతు అందరికంటె ముందు నడిచేది. మిగతావారు ఆమె వెనుక నడిచేవారు. అయితే ఒకచోటికి వచ్చేసరికి ఆ గొంతు ఆగిపోయేది. క్షమాపణను గురించిన ఐదవ మనవి రాగానే ఆమె పెదవులు మూసుకునేది. శోధనను గురించిన మనవి దగ్గర మళ్ళీ అందుకునేది.

మొదట దగ్గు వచ్చిందేమో అనుకున్నాను. నాలుగు ఆదివారాలు గమనించాక దగ్గు కాదని తెలిసింది. పూజ అయ్యాక గుడి వెనుక వేపచెట్టు కింద అడిగాను.

"సామీ, ఆ ముక్క నేను చెప్పలేను. నోట్లో ఒకటి, కడుపులో ఒకటి పెట్టుకుని దేవుడి ముందు నిలబడమంటారా? అబద్ధం చెప్పటం కంటె నోరు మూసుకోవటం మేలు కాదూ?"

ఆమె ఊరు, పేరు చెప్పను. ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. ఇలాంటి కథ మీలో చాలామంది ఇళ్ళలో ఉన్నదే గనుక పేరుతో పనిలేదు.

ఆమె భర్త, మరిది ఒక తల్లి బిడ్డలు. తండ్రి ఉన్నప్పుడే నోటిమాట మీద పొలం పంచుకున్నారు. చెరి మూడెకరాలు, మధ్యలో గట్టు. ఆ గట్టు ఏటా కొంచెం కొంచెం జరిగింది. అరక పోయి ట్రాక్టరు వచ్చాక ఇంకా తొందరగా జరిగింది. సర్వేయరును పిలిపించి కొలిపిస్తే పదకొండు సెంట్లు తేడా వచ్చింది. బోరు నీళ్ళ మీద మిరప వేసుకునే వానికి పదకొండు సెంట్లు ఎంతో మీకు చెప్పనక్కరలేదు. పెద్దమనుషులు కూర్చున్నారు, తెగలేదు. కోర్టుకు వెళ్ళారు, వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఆ వాయిదాల మధ్య ఒక తెల్లవారుజామున ఆమె భర్త గుండె ఆగి చనిపోయాడు. సమాధి దగ్గర తమ్ముడు మట్టి వేయబోతే ఆమె కొడుకు చేయి అడ్డుపెట్టాడు. అప్పటి నుండి రెండు ఇళ్ళ మధ్య మాట లేదు, మంచి లేదు. ఒకే గుడి, ఒకే పూజ. ఆడవారి వైపు ఈమె, మగవారి వైపు అతను.

ఆ రోజు నేను ఆమెకు ఏమి చెప్పానో దాచుకోను. మనం క్షమించకపోతే తండ్రి మనలను క్షమించడని ప్రభువు ఆ జపం నేర్పిన వెంటనే హెచ్చరించాడు కదా అన్నాను. మత్తయి సువార్త ఆరవ అధ్యాయం, 14, 15 వచనాలు. జపంలోని ఏడు మనవులలో ప్రభువు మళ్ళీ విడిగా వివరించినది ఈ ఒక్కటే. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. అయితే గాయం మీద కట్టు కట్టకుండా గాయానికి జరిమానా వేసినట్లయింది. ఆమె తల వంచుకుని వెళ్ళిపోయింది. తరువాత మూడు నెలలు గుడికి రాలేదు. జపమాల మాత్రం ఇంట్లో చెప్పుకుంటున్నదని ఉపదేశిగారు చెప్పారు.

ఆ మూడు నెలలు నేను మళ్ళీ చదువుకోవలసి వచ్చింది. ఆ చదువులో దొరికినది మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

రామంతాపూర్ సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజులలో పునీత తోమాసు అక్వినాసుగారి ఒక నిర్వచనం మాచేత కంఠస్థం చేయించారు. ప్రేమించడమంటే ఎదుటివానికి మేలు కోరడం. ఆయన ఆ మాటను అరిస్టాటిల్ దగ్గర తీసుకున్నారు. నేను పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి, మరచిపోయాను. మూసుకున్న ఆ పెదవుల పుణ్యాన అది మళ్ళీ గుర్తుకు వచ్చింది. కోరడం సంకల్పం చేసే పని. మనసులో మంట చల్లారడం వేరే సంగతి, అది మన ఆజ్ఞకు లోబడేది కాదు. గుండెను "ఇక కొట్టుకోకు" అంటే ఆగుతుందా? కోపాన్ని "ఇక రాకు" అంటే అంతే.

మీకు తెలిసిన పోలిక చెబుతాను. మిరపకాయల కోతకు వెళ్ళి వచ్చినవారు సబ్బు పెట్టి, మజ్జిగ పోసి ఎన్నిసార్లు చేతులు కడిగినా రాత్రంతా మండుతూనే ఉంటాయి. మంట ఉన్నంత మాత్రాన ఆ మనిషి చేతులు కడుక్కోలేదని ఎవరైనా అంటారా? క్షమ కూడా అంతే. కడుక్కోవడం మన పని. మంట తగ్గడానికి దాని సమయం దానికి పడుతుంది.

1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశం 2843వ పేరాలో ఈ సంగతి స్పష్టంగా ఉన్నది. జరిగిన అన్యాయాన్ని మరచిపోవడం, దాని బాధ తెలియకుండా ఉండడం మన చేతిలో లేదని శ్రీసభే ఒప్పుకుంటుంది. మన చేతిలో ఉన్నదల్లా గాయపడిన హృదయాన్ని పవిత్రాత్మకు అప్పగించడం. ఆ అప్పగింతలో గాయం జాలిగానూ, జ్ఞాపకం ప్రార్థనగానూ మారుతుందని ఆ పేరా భావం. ఉత్థానుడైన ప్రభువు తోమాసుకు చూపినవి గాయాలే కదా! ఆ చేతుల మచ్చలు పోలేదు. తనను వదలి పారిపోయిన శిష్యులకు ఆ మచ్చలతోనే సమాధానం పలికాడు.

కాబట్టి "నాకు ఇంకా బాధగా ఉంది ఫాదర్, అంటే నేను క్షమించలేదన్నమాట" అని పాపసంకీర్తనంలో ఏడ్చేవారికి నేను ఇప్పుడు వేరే ప్రశ్న వేస్తున్నాను. అతనికి కీడు జరగాలని కోరుకుంటున్నావా? అతని పంట పోతే సంతోషిస్తావా? అతని బిడ్డకు జబ్బు చేస్తే "తగిన శాస్తి" అంటావా? లేదు అన్నవారు చాలా దూరం నడిచినట్లే. అవును అన్నవారు అయినా భయపడవద్దు, ఒక్క మంగళవార్త జపం ఆ మనిషి పేరు చెప్పి చెప్పండి. పళ్ళు బిగించి చెప్పినా సరే.

పరలోక జపంలో మన పాత తెలుగులో ఉన్న మాట "అప్పులు". మత్తయిగారి గ్రీకు మూలంలోనూ అప్పు అనే అర్థమే. మిరపకూ పత్తికీ అప్పు తెచ్చి, కాయను గుంటూరు యార్డుకు తోలి, వడ్డీ కట్టి, మిగిలినదేమిటో చూసుకునే పలనాటి రైతుకు ఈ మాటను వివరించనవసరం లేదు. ప్రభువు కూడా క్షమను గురించి పేతురు అడిగినప్పుడు అప్పుల కథే చెప్పాడు. మత్తయి 18వ అధ్యాయం. రాజుకు పదివేల టాలెంట్లు బాకీపడిన సేవకుడు, అతనికి నూరు దీనారాలు బాకీపడిన తోటి సేవకుడు.

ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. దీనారం ఒక రోజు కూలి. ఒక టాలెంటుకు 6,000 దీనారాలు. పదివేల టాలెంట్లంటే ఆరు కోట్ల దీనారాలు, అంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడు వందల రోజులు పని దొరికినా తీరడానికి రెండు లక్షల సంవత్సరాలు పడుతుంది! సేవకుడు "కొంచెం గడువివ్వండి, అంతా కట్టేస్తాను" అంటాడు. వినేవారు నవ్వి ఉంటారు. మనం దేవునికి చేసే వాగ్దానాలు కూడా చాలావరకు ఇలాంటివే.

ఇక రెండవ అప్పు. ప్రసంగాలలో మేము గురువులం దీన్ని "చిల్లర అప్పు" అని తేల్చివేస్తాం. నేనూ ఎన్నోసార్లు అలా అన్నాను, అది తప్పు. నూరు దీనారాలంటే నూరు రోజుల కూలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఒక కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చింది ఆ నూరు రోజులే. కూలి మనిషికి అది చిల్లర కాదు, సగం ఏడాది కూడు. ప్రభువు ఆ అంకెను తెలియక వేయలేదు. నీకు జరిగిన అన్యాయం నిజమైనదే, బరువైనదే అని ఆయన ఒప్పుకుంటున్నాడు. పదకొండు సెంట్లు పదకొండు సెంట్లే. అయితే నీకు మాఫీ అయినది దానికి ఆరు లక్షల రెట్లు. ఆ పెద్దామెకు నేను మొదట చెప్పవలసింది ఇది. "నీ నష్టం చిన్నది" అని కాక, "నీ నష్టం పెద్దదే, దేవుని దయ ఇంకా పెద్దది" అని.

పేతురు ఏడుసార్లు చాలునా అని అడిగితే ప్రభువు చెప్పిన సంఖ్య కొన్ని అనువాదాలలో డెబ్బది ఏళ్ళు, కొన్నింటిలో డెబ్బది ఏడు. ఆదికాండం నాలుగవ అధ్యాయం 24వ వచనం తీసి చూడండి. కయీను వంశంలోని లామెకు తన భార్యల ముందు గొప్పలు చెప్పుకుంటాడు. కయీనుకు ఏడంతలైతే తనకు డెబ్బది ఏడంతల ప్రతీకారం కావాలంటాడు. పగకు అతడు వేసిన లెక్కను ప్రభువు తీసుకుని క్షమకు వేశాడు.

లామెకు మాటలు మన పలనాటి చెవికి కొత్తవి కావు. పౌరుషం అనే మాటను మనం పాలతోపాటు తాగుతాం. పన్నెండవ శతాబ్దపు పలనాటి యుద్ధం కథ మీకందరికీ తెలుసు. శ్రీనాథుని పేర కావ్యం ఉన్నది, వీరవిద్యావంతుల నోట పాట ఉన్నది, ఏటా కార్తిక మాసంలో కారెంపూడిలో వీరుల ఉత్సవం ఉన్నది. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు ఒక తండ్రి బిడ్డలే. రాజ్యం పంచుకున్న అన్నదమ్ములు. కోడిపందెం, ఓటమి, వనవాసం. గడువు తీరాక భాగం అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజు ప్రాణం పోయింది. చివరికి నాగులేటి ఒడ్డున రెండు పక్షాలూ నేలకొరిగాయి. ఇంత పెద్ద కథ కూడా మొదట ఒక పంపకమే, ఒక గట్టే.

అదే కథలో ఇంకొకటి ఉన్నది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒక చాప మీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడు. మాల కన్నమదాసును కొడుకుగా భావించి సేనలో ముందు నిలిపినవాడు ఆయన. ఇంత మంచి భోజనబల్ల వేసిన నేల మీదనే అంత పెద్ద వల్లకాడు ఎందుకయింది? నాకు జవాబు తెలియదు. అయితే దివ్యసత్ప్రసాదం ఒకే పళ్ళెంలో నుంచి తీసుకుని, గుమ్మం దాటగానే ముఖాలు తిప్పుకుని వేర్వేరు దారులలో పోయే మనలను చూసినప్పుడల్లా నాకు ఆ చాప గుర్తుకు వస్తుంది. మన పిల్లలకు మనం పొలం ఎంత రాసి ఇస్తామో గాని పగ మాత్రం వాటాలు వేయకుండా మొత్తం ఇచ్చి పోతున్నాం. "ఆ ఇంటికి వెళ్ళకు", "వాళ్ళు పెడితే తినకు" అని ఐదేళ్ళ బిడ్డకు చెప్పే తల్లిదండ్రులు ఆ సాయంత్రమే వానికి పరలోక జపం నేర్పుతారు. ఏ పాఠం ఒంటబడుతుంది?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. క్షమను గురించి మాట్లాడేటప్పుడు ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోవాలి. 1991 ఆగస్టు 6న మన పాత గుంటూరు జిల్లాలోనే చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. బిడ్డలను పోగొట్టుకున్న ఆ తల్లుల దగ్గరకు వెళ్ళి "క్షమించండమ్మా" అని పెద్దకులంవారో, పెద్ద కుర్చీలవారో చెబితే అది సువార్త ప్రకటన కాదు, నోరు నొక్కడం. క్షమ గాయపడినవారు ఇచ్చే కానుక. వేరొకరు దాన్ని వారి చేతిలో నుంచి గుంజుకోకూడదు.

ఇంట్లో కూడా అంతే. తాగి వచ్చి కొట్టే భర్తను "సిలువ అనుకుని భరించు తల్లీ" అని పంపేసిన పెద్దలు ఉన్నారు, గురువులమూ ఉన్నాము. శ్రీసభ ఆ మాట చెప్పలేదు. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 1153వ సూత్రం ప్రకారం, భర్త గాని భార్య గాని తన జీవితభాగస్వామి శరీరానికో, ఆత్మకో, బిడ్డలకో తీవ్రమైన ప్రమాదం తెస్తుంటే ఆ రెండవవారు విడిగా ఉండడానికి న్యాయమైన కారణం ఉన్నట్లే. ఆలస్యమైతే ప్రమాదమనుకుంటే ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కరలేదు. గృహహింస నుండి స్త్రీలకు రక్షణనిచ్చే 2005 నాటి చట్టం దేశంలో ఉన్నది. తలుపు గడియ వేసుకుని లోపల నుంచి అతని మారుమనసు కోసం ప్రార్థించవచ్చు. అది కూడా క్షమే.

పునీత రెండవ జాన్ పౌలు పాపుగారిని 1981 మే 13న పునీత పేతురు ప్రాంగణంలో మెహ్మెత్ అలీ అగ్చా తుపాకితో కాల్చాడు. నాలుగు రోజులకు ఆసుపత్రి మంచం మీద నుంచే పాపుగారు అతన్ని క్షమించినట్లు ప్రకటించారు. 1983 డిసెంబరు 27న రోములోని రెబిబ్బియా జైలుకు వెళ్ళి, అతని గదిలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడారు. అయినా అగ్చా ఇటలీ జైలులో 2000 జూను వరకు ఉన్నాడు. క్షమించిన రోజునే తాళం తీయలేదు. క్షమ న్యాయం అడిగే వాటిని రద్దుచేయదని, జరిగిన నష్టాన్ని సరిదిద్దవలసిందేనని కాల్పులకు ముందే, 1980లో ఆయన దేవుని కనికరాన్ని గురించిన విశ్వలేఖలో రాసి ఉన్నారు. రాసినదే జీవించి చూపించారు.

మన దేశంలో జరిగినది ఒకటి చెబుతాను. ఇది విన్నప్పుడు నేను ఒక రాత్రి నిద్రపోలేదు. కేరళలోని పుల్లువళి గ్రామానికి చెందిన సిస్టర్ రాణి మరియ ఫ్రాన్సిస్కన్ క్లారిస్టు సభ సోదరి. మధ్యప్రదేశ్‌లో ఉదయ్‌నగర్ ప్రాంతపు పేద రైతుకూలీల మధ్య పనిచేశారు. వడ్డీ వ్యాపారుల చేతిలో నుంచి వారిని బయటపడేయడానికి సంఘాలు కట్టించారు. అది కొందరికి గిట్టలేదు. 1995 ఫిబ్రవరి 25న బస్సులో వెళుతున్న ఆమెను సమందర్ సింగ్ అనే యువకుడు కత్తితో యాభైకి పైగా పోట్లు పొడిచి చంపాడు. అతనికి యావజ్జీవ శిక్ష పడింది. జైలులో ఉన్న అతని దగ్గరకు 2002లో ఒక కన్యస్త్రీ వచ్చి చేతికి రాఖీ కట్టింది. ఆమె సిస్టర్ సెల్మీ పౌల్, చనిపోయిన రాణి మరియకు తోడబుట్టిన చెల్లెలు. తరువాత ఆ కుటుంబమే అతని విడుదలకు అభ్యర్థన పెట్టింది. 2006లో బయటకు వచ్చాడు. కేరళ వెళ్ళి ఆ తల్లిదండ్రులను చూశాడు. తన బిడ్డను పొడిచిన చేతులను ఆ తల్లి ముద్దు పెట్టుకున్నది. రాణి మరియను 2017 నవంబరు 4న ఇందోరులో ధన్యురాలిగా ప్రకటించారు.

ఇందులో రెండు సంగతులు చూడండి. రాఖీ కట్టడానికి ఏడేళ్ళు పట్టింది. హత్య జరిగిన మర్నాడే కట్టలేదు. ఆ ఏడేళ్ళూ అతను శిక్ష అనుభవిస్తూనే ఉన్నాడు. మనం మన విచారణలలో ఏడేళ్ళ పనిని ఏడు నిమిషాల ప్రసంగంలో చేయించాలని చూస్తాం.

నా మాటకొస్తే, నేను ఒక తోటి గురువుతో మూడేళ్ళు మాట్లాడలేదు. కారణం చెబితే మీరు నవ్వుతారు. ఒక పండుగ ప్రసంగానికి నన్ను పిలుస్తానని, వేరొకరిని పిలిచాడు. ఆ మూడేళ్ళూ రోజూ పూజ చేశాను, క్షమను గురించి బహుశా పదిసార్లు ప్రసంగించాను! ఒకసారి జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉంటే అతను బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా ఒక కాయ ఒలిచి తొనలు చేతిలో పెట్టాడు. తిన్నాను. అంతే, దానితో అయిపోయింది.

ఆ బత్తాయి తొనలు నాకు ఇంకొక పాఠాన్ని చూపించాయి. ఆ పెద్దామె విషయంలో నా అసలు తప్పు అక్కడే ఉన్నది. మత్తయి సువార్త ఐదవ అధ్యాయం, 23, 24 వచనాలు మీరే తీసి నెమ్మదిగా చదవండి. కానుకను పీఠం ముందు వదలి వెళ్ళమని ప్రభువు ఎవరికి చెప్పాడు? కోపం ఉన్నవానికా? కాదు. ఎవరి మీద సోదరునికి ఫిర్యాదు ఉన్నదో వానికి. అంటే బాధపెట్టినవాడు మొదట లేవాలి. జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు పలికాడు. నేనేమో ఇన్నాళ్ళూ గాయపడిన ఆడమనిషి పెదవులకేసి చూస్తున్నాను. అవతల మగవారి వైపు మరిది గొంతు విప్పి జపమంతా చెబుతున్నాడు, అర్పణ వేళ కానుకల పళ్ళెం మోస్తున్నాడు, గుడి పండుగకు బియ్యం బస్తా ఇస్తున్నాడు. అతని జపంలో నాకు లోపం కనబడలేదు!

అప్పుడు కాయ ఎండే రోజులు. అతని కల్లానికి వెళ్ళాను. మంచె నీడన కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు.

"మీ వదిన పరలోక జపంలో ఒక ముక్క చెప్పేది కాదు, తెలుసా?"

"తెలుసు ఫాదర్. గుడిలో అందరికీ తెలుసు."

"ఎందుకో?"

అతను కాసేపు కాయలు తిరగేశాడు. "బోరుకు డబ్బు నేనే పెట్టుకున్నా గనుక ఆ చెక్క నన్ను దున్నుకోమని మా నాయన చెప్పాడు ఫాదర్. సాక్ష్యం ఎవరంటే ఎవర్ని తేను? నాయన పోయాడు, అన్నా పోయాడు." మళ్ళీ కాసేపటికి, తల ఎత్తకుండానే అన్నాడు: "మా అన్నకు గుప్పెడు మట్టి వేయనియ్యలేదు."

గొంతు మారింది. నేను ఒక దొంగను చూద్దామని వెళ్ళాను. అక్కడ ఇంకొక గాయం ఉన్నది. అయినా చెప్పవలసినది చెప్పాను. నీ మాట నిజమైనా సర్వే రాయి నిజమే, వదినతో తేల్చుకునేదాకా పళ్ళెం వేరొకరు మోస్తారు అన్నాను. అతనికి కోపం వచ్చింది. రెండు నెలలు అతనూ గుడికి రాలేదు. విచారణ గురువుగా నా లెక్కలో ఇద్దరు భక్తులు తగ్గారు. ఉపదేశిగారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తున్నది.

తరువాత జరిగినదానిలో నా గొప్ప ఏమీ లేదు. ఇద్దరి ప్లీడర్లూ దావాను లోక్ అదాలత్‌కు పెట్టించారు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే అక్కడ రాజీ కుదురుతుంది. ఆ తీర్పుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. గట్టు తగాదాలతో తిరిగేవారు ఈ సంగతి తెలుసుకుని ఉండడం మంచిది. బోరు ఖర్చు కింద ఐదు సెంట్లు అతనికి ఉంచి, ఆరు సెంట్లు ఆమెకు వదిలేట్లు రాసుకున్నారు. రాళ్ళు పాతారు. రాళ్ళు పాతిన రోజు ఆమె పొలానికి రాలేదు, కొడుకును పంపింది.

నవంబరు 2న సమాధుల పండుగకు అందరూ సమాధులకు సున్నం వేస్తున్నారు. మరిది వచ్చి కొంచెం దూరంగా నిలబడ్డాడు. ఆమె కొడుకు చూశాడు. ఏమీ అనలేదు. సున్నం బకెట్టు అతని వైపు జరిపి, తాను పూలు తేవడానికి వెళ్ళాడు. అతను చిన్నాన్నను కౌగిలించుకున్నాడని రాస్తే బాగుండేది గాని, అలా జరగలేదు.

ఆమె గుడికి వస్తున్నది. ఈ మధ్య మనవరాలి పెళ్ళి శుభలేఖలు ఆశీర్వదించమని తెచ్చింది. పైన ఉన్న ఒక కవరు మీద మరిది పేరు ఉన్నది.

"నువ్వే వెళ్ళి ఇస్తావామ్మా?" అన్నాను.

"వాడు ఇస్తాడులే సామీ," అన్నది కొడుకును చూపించి. "పేరు మాత్రం నేనే రాయించా."

పూజలో ఆమె గొంతు ఇప్పటికీ అందరికంటె ముందే నడుస్తుంది. ఐదవ మనవి దగ్గర ఇప్పుడు ఆగడం లేదు. అయితే అక్కడ ముందు నడవదు. అందరూ చెప్పాక, వెనుకగా, చిన్నగా వినబడుతుంది.